ఎడమ పక్క బెండు పైపు

మా మరదలు రెడ్డెమ్మకు చెవులు పోతున్నాయన్న సంగతి మా ఇంట్లో చాలాకాలం ఎవరికీ తెలియదు. ఆమెకు తెలుసు, మా తమ్ముడి మోటారు సైకిలుకు తెలుసు. మోటారు సైకిలుకు తెలియడమేమిటని నవ్వేవాళ్ళు నవ్వండి. ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న మనుషులందరికంటే ఆ బండే ఆమెతో సరిగా మాట్లాడింది.

నేను శాంతకుమారిని, మునిరాజు అక్కను. పెళ్ళయిన కొన్నాళ్ళకే ఆయన పోతే పుట్టింటికి వచ్చి, ట్రైనింగు చేసి, మదనపల్లెలో చిన్న పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బతికాను. నోరు పెద్దదని పేరు. ఆ నోరు లేకపోతే నన్ను ఎప్పుడో వంటింటి మూలన పెట్టేసేవాళ్ళు, అది వేరే సంగతి. మా ఇల్లు పుంగనూరు రోడ్డు పక్క వీధిలో. మునిరాజు రైతులకు బావి మోటార్లు అమ్మే ఏజెంటు. పొద్దున్నే బండెక్కితే చౌడేపల్లె, పుంగనూరు, బి.కొత్తకోట తిరిగి పొద్దు గూకేవేళకు ఇల్లు చేరేవాడు. ఇది డెబ్భై ఎనిమిదో సంవత్సరం మాట.

వాడిది పాత జావా బండి. ఆదివారమొస్తే దాన్ని పెరట్లో విప్పి, గోనెసంచి మీద పరచుకుని కూర్చునేవాడు. "పెళ్ళాన్ని ఎప్పుడన్నా ఇంత ముద్దుగా చూసినావారా?" అని నేనంటే, "అది మనం ఏం చేసినా ఊరికే ఉంటాది కదక్కా" అని నవ్వేవాడు. మాటకు అలా అనేవాడు గానీ, అంతకు ముందు ఏడాది రెడ్డెమ్మకు టీబీ వచ్చినప్పుడు అదే బండి మీద రోజూ ఆసుపత్రికి పోయి, ఆమె మంచం పక్కన కూర్చుని వచ్చినవాడు వాడే.

సూదులు వేసి వేసి ఆమె ప్రాణం నిలబెట్టారు. ఇంటికొచ్చాక మా అమ్మ ఆదిలక్ష్మమ్మ ఆమె కంచం, లోటా, చాప వేరు చేసి వసారాలో ఒక మూల చూపించింది. మా అమ్మ చెడ్డది కాదు, భయస్తురాలు. ఇంక ఎవరికీ అంటదని డాక్టరమ్మ చెప్పినా నమ్మలేదు. నేను రోజూ పోట్లాడగా పోట్లాడగా, వేసవి దాటాక ఎలాగో వంటింట్లోకి రానిచ్చింది. సంగటి తెడ్డు రెడ్డెమ్మ చేతికి మళ్ళీ వచ్చింది.

మా వైపు సంగటంటే ఊరికే వండి మూతపెట్టేది కాదు. నూకలు ఉడుకుతున్న కుండలో రాగిపిండి పోసి, మంట తగ్గించి, చెవులు రోడ్డు మీద పెట్టుకుని కూర్చోవాలి. మగమనిషి వస్తున్న సద్దు వినగానే కుండ దించి తెడ్డుతో కెలకాలి. ఆయన కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేసరికి వేడి ముద్ద కంచంలో పడాలి. మా అమ్మ కాలంలో ఎద్దుల మెడగంటలు విని కెలికేవాళ్ళు. రెడ్డెమ్మ జావా ఇంజను విని కెలికేది. మా వీధి చివర కల్వర్టు దగ్గర బండి సద్దయితే చాలు, ఈమె లేచేది. జబ్బు పడకముందు ఒక్క రోజు కూడా తప్పలేదు. ఆ వేడి ముద్ద మొగుడి కంచంలో పెడుతున్నన్నాళ్ళూ తను ఈ ఇంటి మనిషి. అదే ఆమె లెక్క.

ఆ లెక్కే ఆమె నోరు కట్టేసింది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ చెవుల్లో కీచురాళ్ళు అరిచినట్టు ఒకటే హోరు. మనుషుల గొంతులు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. చెబితే ఇంకో జబ్బు పేరు బయటికొస్తుంది, తెడ్డు మళ్ళీ అత్త చేతికి పోతుంది, తను మళ్ళీ వసారా మూలకు పోతుంది. అందుకని చెప్పలేదు. మాట్లాడేవాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకోవడం తనకు తానే నేర్చుకుంది. ఇవన్నీ తర్వాత నాతో ఆమే చెప్పింది. "మొదట నీ గొంతు పోయింది వదినా, ఆ తర్వాత అత్తది. అత్తది పోయినప్పుడు పెద్దగా బాధపడలా" అని నవ్వింది కూడా.

మా అమ్మకు మాత్రం ఇదంతా ఇంకోలా కనిపించింది. "ముందర తలెత్తేది కాదు. ఇప్పుడు సూడు, నేను మాట్లాడతా ఉంటే మొగంలో మొగం పెట్టి సూస్తాండాది. ఆసుపత్రికి పోయొచ్చి పొగరు నేర్చింది" అనేది. నేనేమో నర్సమ్మలను చూసి కాస్త ధైర్యం తెచ్చుకుందిలే అని సంతోషపడ్డాను. కోడలు తలెత్తి చూస్తే మా ఇళ్ళల్లో దానికి రెండే అర్థాలు, పొగరో ధైర్యమో. పాపం, వినపడక చూస్తోందేమోనని ఎవరికీ తట్టలేదు.

జావా సద్దు కూడా ఆమెకు దూరమవుతూ వచ్చింది. సాయంత్రమయ్యేసరికి ఏదో ఒక వంకతో వాకిట్లోకి వచ్చి రోడ్డు చూసేది. ఒకటి రెండుసార్లు వాడు వచ్చి కూర్చున్నాక సంగటి కెలికింది. అమ్మ గొణిగింది. సరిగ్గా అప్పుడే, చౌడేపల్లె దారిలో రాళ్ళ మీద ఎగిరెగిరి, బండి ఎడమ పక్క బెండు పైపు పగిలింది.

బెండు పైపంటే ఇంజను పొగను సైలెన్సరులోకి తీసుకుపోయే వంపు గొట్టం. ఆ బండికి రెండు పక్కలా రెండుంటాయి. ఒకటి ఇంజను దగ్గరే చీలిపోయేసరికి సద్దు పేలిపోయింది. కల్వర్టు సంగతి సరే, దానికి అవతల మిట్ట ఎక్కుతుండగానే మునిరాజు వస్తున్నాడని వీధంతా తెలిసేది. కోళ్ళు చెదిరిపోయేవి. ఎదురింటి రాజేశ్వరమ్మ చెవులు మూసుకుని మా వంశాన్నంతా తలుచుకునేది.

మొదటి రోజు ఆ మోత వచ్చినప్పుడు నేను వంటింట్లోనే ఉన్నాను. పొయ్యి ముందు కూర్చున్న రెడ్డెమ్మ ఉలిక్కిపడి తలెత్తింది. ముఖమంతా విప్పారింది. ఎన్నో నెలల తర్వాత ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు లేచి, కుండ దించి, గాజులు గలగలమంటుంటే సంగటి కెలికింది. "అబ్బో, మొగుడంటే ఎంత సంబరమో" అని ఆటపట్టించాను. ఆమె నా పెదాలు చూడలేదు కాబట్టి ఆ మాట ఆమెకు అందలేదు. సిగ్గుపడి ఊరుకుందనుకున్నాను.

మునిరాజుకు ఆ మోత నామోషీగా ఉండేది. పైగా జబ్బు నుంచి లేచిన మనిషి ఇంట్లో ఉంటే ఈ గోలేమిటని వాడి బాధ.

"ఈ మోతతో నీకు తలనొప్పి రాలేదామ్మే? పైపు మార్పించేస్తా" అన్నాడు ఒక రోజు అన్నం దగ్గర.

"యాలయ్యా? ఉండనీ. బాగుండాది" అంది రెడ్డెమ్మ.

"ఏం బాగు? ఊళ్ళో కుక్కలన్నీ ఎంటబడతాండాయి."

"నాకు బాగుండాదంటే ఇనవేం?"

వాడు నా వైపు చూసి కన్నుగీటాడు. దండగ ఖర్చెందుకని పెళ్ళాం అడ్డుపడుతోందని వాడి లెక్క. ఎవరి లెక్క వాళ్ళది మా ఇంట్లో.

ఆ పాత మోడలు సామాను మదనపల్లెలో దొరకదు. బెంగళూరు నుంచి రావాలి. బెంగళూరు బస్సు డ్రైవరు గంగాధరం వాడికి స్నేహితుడు. ఊళ్ళో మనం చెప్పులు కుట్టించుకునేటప్పుడు కాగితం మీద కాలు పెట్టి గీసి ఇస్తాం కదా, మావాడు బెండు పైపును న్యూస్ పేపరు మీద పడుకోబెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి, కత్తిరించి గంగాధరం చేతికిచ్చాడు. అచ్చు దీని మాదిరే కావాలని చెప్పాడు. నాలుగైదు రోజులకు సామాను వచ్చింది. విప్పి చూస్తే వంపు అటు పక్కకు తిరిగి ఉంది, కుడి పక్కది. అంగట్లో ఎవరో కాగితాన్ని తిరగేసి కొలత చూశారు. కాగితానికి ముందేది, వెనకేది?

"చెప్పులకైనా ఎడమా కుడీ అని రాస్తారు కదరా. నా దగ్గర మూడో తరగతి పిల్లోడు కూడా ఈ తప్పు చేయడు" అన్నాను.

వాడు తల పట్టుకున్నాడు. ఆ సాయంత్రం రెడ్డెమ్మ ఏ కారణమూ లేకుండా పాయసం చేసింది. తాగుతూ కూడా మాకెవరికీ అనుమానం రాలేదు.

మునిరాజు పట్టు వదలలేదు. మా చిన్నాన్న కొడుకు లక్ష్మీపతికి కుప్పం రైల్వే స్టేషన్లో ఉద్యోగం. అక్కడ రైలెక్కితే బెంగళూరు. ఈసారి కాగితాలూ గీతలూ లేవు. తప్పుగా వచ్చిన పైపునే లక్ష్మీపతికి పంపి, దీన్ని అద్దంలో చూస్తే ఎలా కనపడుతుందో అలాంటిది తెమ్మన్నాడు. సామాను వచ్చిందని కబురు రాగానే శనివారం పొద్దున పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పానికి బండి మీదే పోయాడు.

ఆ సాయంత్రం వాడు తిరిగొస్తుంటే మిట్ట అవతలి నుంచే మోత మొదలైంది. రెడ్డెమ్మ లేచి కుండ దించింది. వాడు లోపలికి వచ్చి, కాళ్ళు కడుక్కుని కూర్చునేసరికి సంగటి ముద్దలోంచి ఆవిరి లేస్తోంది. "సూసినావా అక్కా? గడియారం కూడా ఇట్లా ఉండదు" అని మురిసిపోయాడు. పక్కన గోడకు ఆనించిన కొత్త పైపు నికెలు మెరుపుతో తళతళలాడుతోంది. రెడ్డెమ్మ దాన్ని ఒక్కసారి చూసి ముఖం తిప్పుకుంది.

ఆదివారం పొద్దున్నే పెరట్లో సంచి పరిచాడు. బెండు పైపు ఇంజనుకు కలిసేచోట దాన్ని ఒక చుట్టు నట్టు పట్టుకుని ఉంటుంది. వేడికి, తుప్పుకు అది బిగుసుకుపోతే మామూలు పానా పట్టదు, కొక్కెం పానా కావాలి. నట్టు మీద కిరసనాయిలు పోసి నానబెట్టి, పానా కోసం పనిముట్ల సంచిలో చెయ్యి పెడితే అది లేదు. సంచంతా దులిపాడు. అటక ఎక్కి చూశాడు. అమ్మను అడిగాడు, నన్ను అడిగాడు. రెడ్డెమ్మను అడిగితే వాడి ముఖం చూస్తూ "నాకు తెలీదు" అంది.

చేసేది లేక ఉలి, సుత్తి తీసుకున్నాడు. ఉలిని నట్టు అంచుకు ఆనించి ఒక్కో దెబ్బా కొడుతున్నాడు. వేళ్ళ కణుపులు గీసుకుని రక్తం వచ్చింది. స్తంభం పట్టుకుని నిలబడ్డ రెడ్డెమ్మ ఉన్నట్టుండి వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది.

"వద్దయ్యా. నీకు దండం పెడతా, వదిలేయ్."

ఆమె కళ్ళనిండా నీళ్ళు. వాడు రక్తం చూసి భయపడిందనుకున్నాడు. "ఇంత దానికే ఏడుస్తారా పిచ్చిదానా, ఏం కాలా" అని చొక్కాకు తుడుచుకుని మళ్ళీ సుత్తి ఎత్తాడు. ఆమె ఇంకేం చెప్పగలదు? చెబితే వసారా మూల, చెప్పకపోతే ఇది. నిలబడి చూసింది. నట్టు కదిలింది.

పాత పైపు ఊడివచ్చింది. లోపల మసి గీకి, కొత్త వాచరు వేసి, కొత్త పైపు ఎక్కించి బిగించాడు. కిక్కు కొట్టాడు. బండి మెత్తగా, ఒద్దికగా పలికింది. ఎదురింటి రాజేశ్వరమ్మ గేటు దగ్గరకొచ్చి "పుణ్యం కట్టుకున్నావప్పా" అంది. మునిరాజు పెళ్ళాం వైపు తిరిగి, ఎట్లుండాదని అడిగాడు. రెడ్డెమ్మ సీటు మీద అరచెయ్యి ఆనించి, కాసేపుంచి, "బాగుండాది" అంది. పాత పైపును అమ్మ తీసుకుపోయి, బట్టలుతికే బండ దగ్గరి నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోయేట్టు మట్టిలో పాతింది. మా అమ్మ ఏదీ పారేయదు.

మర్నాడు సాయంత్రం నేను వసారాలో కూర్చుని పిల్లల పలకలు దిద్దుతున్నాను. మునిరాజు వీధిలోకి ఎప్పుడొచ్చాడో నాకే సరిగా తెలియలేదు. గేటు బయటే బండి ఆపి, నాకు నోటిమీద వేలు చూపించి, పిల్లిలా లోపలికి పోయాడు. నిన్నటి నుంచీ పెళ్ళాం ముభావంగా ఉందని, అలిగిందని వాడి ఉద్దేశం. వెనకనుంచి పోయి నవ్విద్దామనుకున్నాడు. నేనూ లేచి వెనకాలే పోయాను.

రెడ్డెమ్మ పొయ్యి ముందు మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది.

"ఏమ్మే, అలక తీరిందా?" అన్నాడు.

జవాబు లేదు.

"కొత్త పైపు ఎట్లుండాది? ఇంటి ముందరికొచ్చినా కనుక్కోలేకపోతివే!"

ఆమె కదల్లేదు. వాడు నా వైపు చూసి నవ్వాడు. "సరే, నీకంత కోపమైతే బండి అమ్మేస్తా పో" అన్నాడు. దానికీ పలకలేదు. "రెడ్డెమ్మా!" అని గట్టిగా పిలిచాడు. ఆ కేకకు పెరట్లోంచి అమ్మ వచ్చింది. రెడ్డెమ్మ తిరగలేదు. వాడి నవ్వు మెల్లగా పోయింది. పక్కనున్న ఇత్తడి చెంబు తీసి, చెయ్యెత్తి నేలకేసి కొట్టాడు. అమ్మా నేనూ అదిరిపడ్డాం.

రెడ్డెమ్మ ఒక పుల్ల పొయ్యిలోకి తోసి, కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది. వాడి కోసం చూస్తోంది. వాడు తన వెనకే నిలబడి ఉన్నాడు.

మునిరాజు గోడ పట్టుకున్నాడు. కాసేపటికి ఆమె నీళ్ళ కోసం ఇటు తిరిగి, ముగ్గురినీ చూసి బెదిరిపోయింది.

"ఎప్పుడొచ్చినావయ్యా? బండి సద్దే కాలేదే..." అంది. అన్నాక మా ముఖాలు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇంక దాచడానికి ఏమీ లేదు. రాగిపిండి డబ్బాలో చెయ్యి పెట్టి, పిండి అంటిన కొక్కెం పానా తీసి వాడి ముందు పెట్టింది. "నేనే దాచినా. ఆ మోత ఒకటే నాకు ఇనపడతా ఉండె" అంది. అని, ఎవరో లాక్కుంటారన్నట్టు తెడ్డును రెండు చేతులతో గుండెకు హత్తుకుంది. మా అమ్మ కిందికి కూలబడి, "నీ తెడ్డు ఎవురికి కావాలమ్మా, పెట్టుకో" అని బావురుమంది. తలొంచుకుని ఏడ్చింది కాబట్టి ఆ మాట రెడ్డెమ్మకు అందలేదు. నేను ఆమె గడ్డం పట్టుకుని, నా వైపు తిప్పుకుని, ఆ మాట మళ్ళీ చెప్పాను.

మర్నాడే ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. కొందరికి ఆ సూదులు చెవి నరాన్ని తింటాయని, హోరు మొదలైతే వెంటనే చెప్పమని ముందే చెప్పామని అంది. నిజమే, చెప్పారు. "చెప్తే సూది ఆపేస్తారని, దగ్గు మళ్ళా వస్తాదని భయపడితిని" అంది రెడ్డెమ్మ. పోయిన నరం ఇంక రాదని, మిగిలిందేమైనా ఉంటే అదీ ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. మెల్లగా చెప్పిన ఆ మాట ఎవరికి వినపడకూడదో వాళ్ళకే వినపడలేదు.

ఇంటికొచ్చి మునిరాజు చొక్కా కూడా విప్పలేదు. నేరుగా కరివేపాకు చెట్టు దగ్గరకు పోయి, చేతులతోనే మట్టి తవ్వి పాత పైపు లాగాడు. కడిగాడు, పుల్ల పెట్టి పొడిచాడు, మళ్ళీ కడిగాడు. కొక్కెం పానా ఇప్పుడు చేతిలో ఉంది కాబట్టి కొత్త పైపు ఊడదీయడం ఎంతసేపో పట్టలేదు. పగిలిన పైపును బిగించాడు. రెడ్డెమ్మ భుజాలు పట్టుకుని వంటింట్లో పొయ్యి ముందు కూర్చోబెట్టి, "ఈడే ఉండు. ఇను" అని సైగ చేసి, బండిని మిట్ట అవతలికి తీసుకుపోయాడు.

నేను గుమ్మంలో నిలబడ్డాను. రెడ్డెమ్మ కుండలో పిండి పోసి, రెండు అరచేతులూ నేలకు ఆనించి, కళ్ళు మూసుకుంది.

మిట్ట మీద మోత మొదలైంది. అదే మోత. కోళ్ళు చెదిరాయి. రాజేశ్వరమ్మ బయటికి వచ్చి, కొంగు నోట్లో పెట్టుకుంది. నేను రెడ్డెమ్మ ముఖమే చూస్తున్నాను. మోత దగ్గరైంది. ఆమె ముఖం విప్పారుతుందని, ఉలిక్కిపడుతుందని చూశాను. అరచేతులు నేలను ఇంకా గట్టిగా అదిమాయి, అంతే. మోత కల్వర్టు దగ్గరకు వచ్చింది. పైపులో మట్టి మిగిలి ఉందో ఏమో, రెండుసార్లు దగ్గి, బండి ఆగిపోయింది. మళ్ళీ కిక్కు కొట్టిన చప్పుడు, మళ్ళీ మళ్ళీ. తర్వాత ఏమీ లేదు.

వాడు కల్వర్టు దగ్గర్నుంచి బండిని తోసుకుంటూ వచ్చాడు.

రెడ్డెమ్మ కళ్ళు తెరిచి కిటికీలోంచి చూసింది. అక్కడి నుంచి కాంపౌండు గోడ మీద వాడి తల ఒక్కటే కనపడుతుంది. ఒక్క ఉదుటున లేచి, కుండ దించి, తెడ్డు వేసి కెలికింది. వాడు చెమటతో వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడేసరికి ముద్ద కంచంలో ఉంది.

"ఇనపడిందయ్యా!" అంది నవ్వుతూ. "మిట్ట కాడి నుంచి ఇంటి ముందర దాకా ఇంటానే ఉండా. మళ్ళీ ఆ పైపు మార్చబాకు."

మునిరాజు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. వాడు పోయి కాళ్ళు కడుక్కుని వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ఒక ముద్ద తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

"వేడిగా ఉండాదా?" అని అడిగింది రెడ్డెమ్మ, వాడి ముందు కూర్చుని.

వాడు తలొంచుకునే జవాబు చెప్పబోయి, ఆగాడు. కళ్ళు తుడుచుకోకుండానే ముఖం ఎత్తి, ఆమెకు కనపడేట్టు పెదాలు మెల్లగా కదిలిస్తూ, "ఉండాది" అన్నాడు.